ఎవరు కొలిచారు?
మనిషి ఎక్కని పడవలు, సముద్రపు అడుగు పటాలు: స్మారక ఉపన్యాస పాఠం

  

ఈ స్మారక సభ ఆహ్వాన పత్రికలో మాస్టారి పూర్తి పేరు, డిగ్రీలు, పదవులు అన్నీ అచ్చువేశారు. నేను మాత్రం ఈ గంటసేపూ మాస్టారు అనే అంటాను. ఆయన ఉండగా పేరు పెట్టి అనే ధైర్యం నాకెప్పుడూ లేదు. ఇప్పుడు కొత్తగా ఎక్కణ్నుంచి వస్తుంది?

మాస్టారు మాకు సర్వే పాఠం చెప్పేవారు. మొదటి రోజు క్లాసులో విశాఖ రేవు దగ్గరి పాత చార్టు ఒకటి గోడకు తగిలించి, నన్ను లేపి, సముద్రం మీద ఉన్న ఒక అంకె చదవమన్నారు. పదిహేడు అన్నాను. పదిహేడు ఏమిట్రా అన్నారు. బారలండీ అన్నాను. అంతటితో వదిలేస్తారనుకున్నాను. "ఎవరు కొలిచారు?" అన్నారు. నేను నోరు తెరవలేదు. "ఎప్పుడు కొలిచారు? దేనితో కొలిచారు? పోటు మీదా, పాటు మీదా?" క్లాసంతా నిశ్శబ్దం. అప్పుడాయన, "పటం మీద అంకె దానంతటది పుట్టదురా. ఎవడో ఒకడు తడిసి తెచ్చింది అది" అన్నారు.

ఆ ప్రశ్నకు ఎంత బలముందో తెలియడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. మీకు ముప్పై సెకన్లలో చెబుతాను. మన దేశపు తీరరేఖ పొడవెంత? నా తరం వాళ్లు 7,516 కిలోమీటర్లని బట్టీ పట్టాం. ఇప్పుడు ప్రభుత్వ లెక్క 11,098 కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ తీరం 974 నుంచి 1,053 అయింది. సముద్రం కొత్తగా ఒడ్డునేమీ కనలేదు. కొలిచే బద్ద సన్నబడింది, ఇదివరకు లెక్కకు రాని వంపులు లెక్కకొచ్చాయి. కళ్లెదుట కనబడే ఒడ్డు సంగతే ఇలా ఉంటే, ఎవరికీ కనబడని అడుగు సంగతి ఊహించండి.

ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఒక్కటే. మనిషి ఎక్కని పడవలు సముద్రపు అడుగును కొలవడం మొదలుపెట్టాయి. అది మంచిదే, అవసరం కూడా. కానీ పడవలోంచి మనిషి దిగిపోయాడని మాస్టారి ప్రశ్న కూడా దిగిపోదు. ఇంకా బరువెక్కుతుంది. ఏడు మెట్లలో చెబుతాను. మెట్టుమెట్టుకీ ఆయాసపడకుండా నాతో రండి.

1. నిండుగా కనబడే ఖాళీ

ఏ అట్లాసు తెరిచినా సముద్రం నిండా నీలం ఉంటుంది. లేత నీలం, ముదురు నీలం, మధ్యలో పర్వత శ్రేణులు, అగాధాలు. ఎక్కడా తెల్ల మచ్చ కనబడదు. కాబట్టి అంతా కొలిచేశారనే అనుకుంటాం.

ప్రపంచ సముద్రాల లోతుల పటం గీయాలనే అంతర్జాతీయ ప్రయత్నం 1903లోనే మొదలైంది. మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ దానికి పూనుకున్నారు. జెబ్కో అనే పేరుతో అది నేటికీ నడుస్తోంది. జపానుకు చెందిన నిప్పన్ ఫౌండేషన్‌తో కలిసి 2017లో ఆ సంస్థే సీబెడ్ 2030 అనే పథకం ప్రకటించింది. 2030 నాటికి సముద్రపు అడుగు మొత్తాన్నీ కొలిచి పటం వెయ్యాలన్నది లక్ష్యం. మొదలుపెట్టిన నాడు నేటి ప్రమాణాలతో కొలిచి ఉన్నది ఎంతో తెలుసా? 6 శాతం. 2025 జూన్‌కి 27.3 శాతం అయింది. మిగిలిన 72 శాతం పైచిలుకు అప్పటికి ఎవరూ సరిగ్గా కొలవనిదే.

మరి అట్లాసులో ఆ నీలం ఎక్కడిది? చాలా భాగం ఉపగ్రహాలు చెప్పిన అంచనా. అడుగున పెద్ద కొండ ఉంటే దాని ఆకర్షణకి పైనున్న నీళ్లు కాస్త పోగుపడి, సముద్ర మట్టం రవ్వంత ఉబ్బుతుంది. ఆ ఉబ్బును ఉపగ్రహం పట్టుకుంటుంది, దాన్నిబట్టి కింద కొండ ఉండాలని లెక్క కడతారు. దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషిని చూసి తల ఎటుందో, కాళ్లెటున్నాయో చెప్పినట్టన్న మాట. మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ముక్కు తీరు తెలియదు.

ముక్కు తీరు తెలియకపోతే ఏమవుతుందో 2005 జనవరి 8న అమెరికా నౌకాదళానికి తెలిసింది. గ్వామ్ దీవికి ఆగ్నేయంగా వెళుతున్న వాళ్ల జలాంతర్గామి శాన్ ఫ్రాన్సిస్కో పూర్తి వేగంతో పోయి నీటిలోని కొండను గుద్దుకుంది. ఒక నావికుడు చనిపోయాడు, చాలామంది గాయపడ్డారు. వాళ్లు చూస్తున్న చార్టులో ఆ కొండ లేదు. ఆ దరిదాపుల్లో నీళ్ల రంగు మారి కనబడిందని ఎవరో ఎప్పుడో చెప్పిన మాట మాత్రం మరో చార్టులో గుర్తుగా ఉంది. ఈ సంగతి మనసులో ఓ మూల పెట్టుకోండి, చివర్లో మళ్లీ అడుగుతాను.

2. బార నుంచి ధ్వనికి

మన భాషలో బార అనే కొలత ఎంత అందమైనదో చూడండి. రెండు చేతులూ చాచితే ఈ కొస నుంచి ఆ కొసకి ఉన్న దూరం బార. సీసపు గుండు కట్టిన తాడు నీళ్లలోకి జారవిడిచి, గుండు నేల తాకాక పైకి లాగుతూ, లాగిన ప్రతిసారీ చేతులు చాచి లెక్కపెట్టేవారు. కొలతలోనే కొలిచినవాడి ఒళ్లు ఉంది. ఎవరు కొలిచారని అడగక్కర్లేదు.

1872 నుంచి 1876 దాకా ప్రపంచమంతా తిరిగిన బ్రిటిష్ ఓడ చాలెంజర్ కూడా తాడుతోనే కొలిచింది. అంత పెద్ద యాత్రలోనూ లోతు కొలిచిన చోట్లు ఐదు వందలకు మించలేదు. నడి సముద్రంలో ఒక్క లోతు చూడటానికి గంటలు పట్టేది మరి.

ఆ తర్వాత ధ్వని వచ్చింది. ఓడ అడుగు నుంచి చప్పుడు పంపితే అది నేలకు తగిలి తిరిగొస్తుంది. ఉప్పునీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. 4,000 మీటర్ల లోతుకు వెళ్లి రావడానికి ఐదు సెకన్ల పైన పడుతుంది. మొదట ఓడ కింద ఒక్క గీత వెంబడి మాత్రమే లోతు తెలిసేది. ఇప్పటి మల్టీబీమ్ పరికరాలు విసనకర్ర విప్పినట్టు వందలాది ధ్వని పుంజాలను ఒకేసారి అటూ ఇటూ పరుస్తాయి. ఓడ ముందుకు పోతుంటే వెనక వెడల్పాటి పట్టీ మేర అడుగు పటం తయారవుతూ ఉంటుంది.

వినడానికి సులువుగానే ఉంటుంది. చిక్కల్లా ధ్వని వేగం దగ్గరే. నీళ్ల వెచ్చదనం, ఉప్పదనం, ఒత్తిడి మారితే వేగం మారుతుంది. ఒక్క శాతం తప్పు పట్టుకుంటే 4,000 మీటర్ల దగ్గర 40 మీటర్లు తేడా వస్తుంది. మన బంగాళాఖాతంలో ఇది ఇంకా గడుసు సమస్య. వానాకాలం తర్వాత గంగా బ్రహ్మపుత్రలూ మహానదీ గోదావరీ కృష్ణలూ తెచ్చిపోసిన మంచినీళ్లు ఉప్పునీటి మీద మీగడలా పరుచుకుని ఉంటాయి. ఆ పొరల్లో ధ్వని వంగుతుంది. వంపును సరిదిద్దకపోతే చదునైన అడుగు పటంలో రెండంచులూ పైకి లేచి నవ్వుతుంది, లేదా అంచులు వాలి మూతి ముడుస్తుంది. నేను హాస్యమాడటం లేదు. సర్వే వాళ్లు నిజంగానే నవ్వు, మూతిముడుపు అనే మాటలే వాడతారు.

మన విశాఖలో ఈ మాట చెబుతూ ఇద్దరిని తలుచుకోకపోతే తప్పవుతుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్రాన్ని నడిపించిన ఆచార్య సి. మహదేవన్ ఒకరు, సి.వి. రామన్ దగ్గర పనిచేసిన మనిషి. 1950లలో ఇక్కడికి వచ్చి పాఠాలు చెప్పిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ రెండోవారు. మన నౌకాదళం ఓడలెక్కి వాళ్లూ వాళ్ల విద్యార్థులూ ఈ తీరపు నీళ్లను కొలిచారు. తర్వాత 1960లలో తూర్పు తీరపు వాలు మీద కనిపించిన లోయల్లో ఒకదానికి లాఫాండ్ ఆంధ్ర అని, ఇంకొకదానికి మహదేవన్ అని పేర్లు పెట్టాడు. మన ఒడ్డుకు ఆవల, నీళ్ల కింద, మన పేరుతో ఒక లోయ ఉంది. విద్యార్థులారా, ఎవరు కొలిచారన్న ప్రశ్నకు అక్కడ పటమే జవాబు చెబుతుంది.

3. లోతు తక్కువైతే పని ఎక్కువ

ఇప్పుడు చిన్న లెక్క. కాగితం అక్కర్లేదు, వేళ్లు చాలు.

మల్టీబీమ్ పట్టీ వెడల్పు లోతుకు మూడింతలనుకుందాం. నడి సముద్రంలో 4,000 మీటర్ల లోతున పట్టీ 12 కిలోమీటర్ల వెడల్పు వస్తుంది. ఓడ గంటకు పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు పోతే రోజుకు 5,300 చదరపు కిలోమీటర్లు కొలవొచ్చు. ప్రపంచ సముద్రాల విస్తీర్ణం దాదాపు 36 కోట్ల చదరపు కిలోమీటర్లు. ఒక్క ఓడ ఒక్కరోజు కూడా ఆగకుండా, ఎక్కడా తుపాను తగలకుండా, ఇదే లోతనుకుని తిరిగితే 186 ఏళ్లు పడుతుంది.

ఇది సులువైన భాగం. ఒడ్డు దగ్గర 20 మీటర్ల లోతుకు రండి. పట్టీ వెడల్పు 60 మీటర్లకు పడిపోతుంది. వేగం కూడా తగ్గించాలి. గంటంతా తిరిగినా ఒక చదరపు కిలోమీటరు రాదు. పొలం దున్నినట్టు చాలు పక్కన చాలు వేసుకుంటూ పోవాలి. లోతు తగ్గేకొద్దీ పని పెరుగుతుంది. మనుషులు తిరిగేదీ, ఓడలు నేలకు తగిలేదీ, తుపాను ఉప్పెనలు పైకి లేచేదీ ఈ లోతు తక్కువ నీళ్లలోనే.

సునామీ సంగతీ ఇంతే. 4,000 మీటర్ల లోతున గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే అల, పది మీటర్ల లోతుకు వచ్చేసరికి 36 కిలోమీటర్లకు దిగుతుంది. వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. అంటే ఏ ఊరికి ఎన్ని నిమిషాల్లో ఎంత నీరొస్తుందో చెప్పాలంటే ఆ ఊరి ముందరి లోతులు తెలియాలి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత హెచ్చరికల బాధ్యత హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు అప్పగించారు. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని సముద్రం గురించి హెచ్చరించేవాళ్లకు ఆధారం ఎవరో కొలిచి తెచ్చిన ఈ లోతులే.

పెద్ద సర్వే ఓడ రోజు ఖర్చు లక్షల్లో ఉంటుంది. దానికి లోతు తక్కువ నీళ్లలో తిరగడమే ప్రమాదం. సిబ్బందికి నిద్ర కావాలి, తిండి కావాలి, నెలకోసారి ఇల్లు కావాలి. చాలు పక్కన చాలు వేసే విసుగు పని వాళ్లతో ఎన్నాళ్లు చేయిస్తాం? మనిషి ఎక్కని పడవ అనే ఆలోచన ఇక్కడే పుట్టింది.

4. గుల్లలు మోసిన పడవ

ఇంగ్లండులో ఎసెక్స్ తీరాన తయారైన మాక్స్‌లిమర్ అనే పడవ కథ చెబుతాను. పన్నెండు మీటర్ల పొడవు, మన మరబోటంత ఉంటుంది. అందులో మంచం లేదు, వంటగది లేదు, చుక్కాని పట్టేవాడు లేడు. కెమెరాలు, రాడారు, ఉపగ్రహ సంబంధం ఉన్నాయి. 2019 మే నెలలో అది ఒక పెట్టెడు ఆల్చిప్పలు వేసుకుని ఇంగ్లిష్ తీరం నుంచి బెల్జియంలోని ఓస్టెండ్ రేవుకి మనిషి ఎక్కకుండానే వెళ్లింది. వచ్చేటప్పుడు బెల్జియం బీరు తెచ్చింది. (నవ్వుతున్నారు. నాకూ మొదట నవ్వొచ్చింది. కానీ రెండు దేశాల మధ్య మనిషి లేకుండా సరుకు రవాణా జరిగింది.) సముద్రపు అడుగును దూరం నుంచే కొలిచే యంత్రాల కోసం పెట్టిన ఎక్స్‌ప్రైజ్ పోటీలో ఆ ఏడే మొదటి బహుమతి గెలుచుకున్న బృందం వాడింది ఈ పడవనే. ఆ బృందం వాళ్లు ఎక్కణ్నుంచో ఊడిపడలేదు, జెబ్కో శిక్షణ పొందిన పూర్వ విద్యార్థులు. యంత్రం వెనక ఒక తరగతి గది ఉందని గమనించండి.

ఇంకొకటి అమెరికాలోని సెయిల్‌డ్రోన్ సంస్థది. వాళ్ల చిన్న పడవలు ఏడు మీటర్లవి, నిలువు రెక్కతో గాలి మీద నడుస్తాయి, సూర్యరశ్మితో పరికరాలు పనిచేస్తాయి. 2021లో వాటిలో ఒకటి శామ్ అనే హరికేన్ నడిబొడ్డులోకి వెళ్లి వీడియో పంపింది. హుద్‌హుద్ తుపాను చూసిన ఊరివాళ్లం, అలాంటి చోటికి మనిషిని పంపకూడదని మనకు వేరే చెప్పాలా? అదే సంస్థ సర్వేయర్ అనే 22 మీటర్ల పెద్ద పడవను లోతులు కొలవడానికే తయారుచేసింది. 2021లో అది శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హొనొలులుకు 28 రోజుల్లో చేరుతూ దారి పొడవునా సుమారు 22,000 చదరపు కిలోమీటర్ల అడుగును కొలిచింది. మరుసటి ఏడు అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల చుట్టూ, చలిగాలుల్లో, 52 రోజులు తిరిగింది. తర్వాత కాలిఫోర్నియా తీరానికి ఆవల కొలుస్తూ దాదాపు 1,000 మీటర్ల ఎత్తున్న కొండ ఒకటి పటానికెక్కించింది. అంత ఎత్తు కొండ అంతవరకూ ఏ పటంలోనూ లేదు.

వాటి నడక గురించి ఎక్కువ చెప్పను, ఇంజనీర్లు నాకంటే బాగా చెబుతారు. ఒక్క సంగతి చాలు. గీత వెంబడి తిన్నగా, ఒకే వేగంతో, రాత్రీ పగలూ, విసుగు లేకుండా పోవడమే లోతు సర్వేకి కావలసిన గుణం. ఆ గుణం మనిషి కంటే యంత్రానికే ఎక్కువ.

5. టోంగా

నా వాదానికి నడుమకట్టు ఇది. కాస్త నెమ్మదిగా చెబుతాను.

2022 జనవరి 15న పసిఫిక్‌లోని టోంగా దేశంలో హుంగా టోంగా-హుంగా హాపై అనే నీటి అగ్నిపర్వతం పేలింది. బూడిద స్తంభం 57 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. సునామీ వచ్చింది. సముద్రం అడుగున ఉన్న ఇంటర్నెట్ కేబుల్ తెగిపోయింది. దాదాపు ఐదు వారాలు ఆ దేశానికి బయటి ప్రపంచంతో ఆ దారి లేకుండా పోయింది. నీళ్ల కింద ఏం జరిగిందో తేల్చాలి. పర్వతం కూలిపోయిందా? మళ్లీ పేలుతుందా?

న్యూజిలాండు పరిశోధన ఓడ టంగారోవా ముందు వెళ్లి చుట్టుపక్కల వేల చదరపు కిలోమీటర్లు కొలిచింది. కానీ అగ్నిపర్వతపు నోటి మీదికి మాత్రం పోలేదు. కింద ఇంకా ఉడుకుతున్న చోట మనుషులతో ఉన్న ఓడను నిలపడం ఎవరికి క్షేమం? అక్కడ మన ఆల్చిప్పల పడవ మాక్స్‌లిమర్ పనికొచ్చింది. 2022 మధ్యలో అది ఆ నోటి మీద తిరిగి కొలిచింది. దాన్ని నడిపినవాళ్లు 16,000 కిలోమీటర్ల దూరంలో, ఎసెక్స్‌లో, తెరల ముందు కూర్చున్నారు.

ఏం తేలింది? ఇదివరకు 150 మీటర్ల లోతున్న అగ్నిపర్వతపు నోరు ఇప్పుడు 850 మీటర్లు అయింది. సుమారు తొమ్మిదిన్నర ఘన కిలోమీటర్ల రాయీ బూడిదా అక్కణ్నుంచి కదిలిపోయాయి. దానిలో కొంత నీళ్ల కింద వరదలా 80 కిలోమీటర్ల దూరం దాకా పారింది. దీవుల మధ్య వేసిన కేబుల్ దాదాపు 30 మీటర్ల బురద కింద కూరుకుపోయింది. విచిత్రమేమిటంటే, ఇంత జరిగినా పర్వతపు పక్కలు కూలిపోకుండా చాలావరకు నిలబడి ఉన్నాయి. అగ్నిపర్వతంలో కదలిక ఇంకా ఆగలేదని కూడా ఆ పడవే చెప్పింది.

ఇప్పుడు నా ప్రశ్న. నోరు 700 మీటర్లు దిగిందని ఎలా చెప్పగలిగారు? పేలుడుకు ముందు మనుషులెక్కిన ఓడ ఒకటి అక్కడికి వెళ్లి కొలిచి పెట్టింది కాబట్టి. ఎవరు, ఎప్పుడు, ఏ పరికరంతో కొలిచారో రాసిపెట్టింది కాబట్టి. పాత అంకె సాక్ష్యం లేనిదైతే కొత్త అంకె ఎంత కచ్చితమైనా ఒంటిదే. 850 అనే అంకెకు విలువ 150 ఇచ్చింది. మనిషి లేని పడవ మనిషి ఉన్న ఓడ భుజాన చెయ్యి వేసి నిలబడింది.

6. దిగిపోయిన మనిషి ఎక్కడ కూర్చున్నాడు?

మనిషి లేని పడవ అంటున్నాం గానీ, ఆ మాటలో సగం నిజమే ఉంది. మనిషి పడవలోంచి దిగి ఒడ్డున గదిలో కూర్చున్నాడు. షిఫ్టులు మారుతూ రాత్రంతా తెర చూస్తాడు. ఎదురుగా మరో నౌక వస్తే దారి మళ్లిస్తాడు. వచ్చిన లోతుల్లో తప్పుడు ప్రతిధ్వనులను ఏరేస్తాడు. ఈ చివరి పని గురించి మీరు వినాలి. నీళ్లలో చేపల గుంపు పోతుంటే ధ్వని దాని మీద తగిలి తిరిగొస్తుంది. తెర మీద అది గుట్టలా కనబడుతుంది. గుట్టలా కనబడిన చేపలను తీసేయాలి, చేపల్లా కనబడిన గుట్టను ఉంచాలి. తప్పు చేసి గుట్టను తీసేస్తే రేపు ఓడ దాన్ని గుద్దుకుంటుంది. ఆ నిర్ణయం ఇప్పటికీ ఎక్కువగా మనిషిదే. యంత్రం చేసినా, దానికి నేర్పినవాడు మనిషే.

పెద్ద చిక్కు చట్టం దగ్గర ఉంది. 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నియమాల్లో ఐదోది, ప్రతి నౌకలోనూ ఎప్పుడూ కళ్లతో చెవులతో కాపలా ఉండాలని చెబుతుంది. కెమెరా కన్నవుతుందా? మైకు చెవి అవుతుందా? సరంగు లేని పడవకు ఎవరు సరంగు? అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఈ ప్రశ్నల మీద నియమావళి తయారుచేసే పనిలో పడింది.

జెబ్కో వాళ్లను ఇక్కడ మెచ్చుకోవాలి. వాళ్లు లోతుల పటంతో పాటు దానికి జోడుగా ఇంకో పటం ఇస్తారు. అందులో లోతులుండవు. ఏ గడిలో అంకె నిజంగా కొలిచింది, ఏ గడిలో ఉపగ్రహపు అంచనా, ఏ గడిలో పక్క అంకెలను బట్టి పూరించింది అనేది మాత్రమే ఉంటుంది. నావికులు వాడే ఎలక్ట్రానిక్ చార్టుల్లోనూ ఏ ప్రాంతపు కొలతను ఎంత నమ్మొచ్చో తరగతులుగా చెబుతారు. అంటే మాస్టారి ప్రశ్నకు పటంగా వేసిన జవాబన్న మాట. ఆయన ఉండి ఉంటే మొదటి పటం పక్కన పెట్టేసి రెండోదే గోడకు తగిలించేవారు.

7. పావురాళ్ల కొండ ఎదుట

చివరి మెట్టు. మాస్టారితో నేను చేసిన ఒక సర్వే గురించి చెప్పి ముగిస్తాను.

చాలా ఏళ్ల కిందట భీమిలికి అవతల ఒడ్డుకు దగ్గరగా చిన్న పడవలో లోతులు కొలుస్తున్నాం. అప్పటి పరికరం ఒకే ధ్వని పుంజానిది. గీతలు వంద మీటర్లకొకటి. గీతకూ గీతకూ మధ్య ఏముందో దేవుడికే తెలియాలి. మాకు పడవ నడిపిన ముసలి జాలరి ఒకచోట ఆగి, "ఈ కింద రాయుంది బాబూ. మా తాతకాడి నుంచీ ఇక్కడ వల ఎయ్యం" అన్నాడు. ఎలా గుర్తుపట్టావన్నాను. పావురాళ్ల కొండ కొసా, ఒడ్డు మీది ఓ తాటిచెట్టూ ఒకే వరసలోకి వచ్చాయన్నాడు. అంతే ఆయన జీపీఎస్.

మా గీతలు రెండూ ఆ రాయికి అటూ ఇటూ పోయాయి. మా చార్టులో రాయి లేదు. పొద్దు వాలుతోంది, నేను ఇంటికి పోదామన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. ఇంకో గీత వేయించారు. పరికరం కాగితం మీద గీత ఉన్నట్టుండి నాలుగు బారలు పైకి లేచింది. ఆ రాత్రి మాస్టారు నివేదికలో లోతు అంకె పక్కన, "ఇక్కడ రాయి ఉన్నదని పడవ నడిపిన జాలరి ముందుగా చెప్పగా, ఆ మాట మీద అదనపు గీత వేసి కొలిచాం" అని స్వయంగా రాశారు.

నివేదిక ఒక ఆఫీసుకు వెళ్లింది. పేరు చెప్పను. కొన్నాళ్లకు తిరిగొచ్చిన ప్రతిలో అంకె ఉంది, ఆ వాక్యం కొట్టేసి ఉంది. సాంకేతికం కాదని రాశారు. మాస్టారు ఆ కాగితం చాలాసేపు చూసి, "అంకెను ఉంచుకుని మనిషిని తీసేశారు" అన్నారు. ఆయన కోపంగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

మనిషి లేని పడవలు మన తీరానికి ఎక్కువగా రావాలి. కాకినాడ నుంచి కళింగపట్నం దాకా లోతు తక్కువ నీళ్లలో అవి చాలు పక్కన చాలు వేసుకుంటూ పోతే ఉప్పెన లెక్కలు మెరుగవుతాయి, రేవులు మెరుగవుతాయి. వాటిని నడిపేవాళ్లు, వాటి లోతులను ఏరేవాళ్లు ఈ హాలులోంచే రావాలని కోరుకుంటున్నాను.

కానీ ఆ పడవ వచ్చే దారిలో వలలుంటాయి. రాత్రి దీపం సరిగా లేని తెప్పలుంటాయి. వల తెగితే జాలరి ఎవరి దగ్గరికి వెళ్లాలి? పడవలో అడగడానికి మనిషి లేడు, నడిపేవాడు ఎక్కడో గదిలో ఉన్నాడు. అది వచ్చే ముందు రేవులో పెద్దలకు చెప్పి, దాని మీద తెలుగులో ఒక ఫోన్ నంబరు రాసిపెట్టడం పెద్ద శాస్త్రమేమీ కాదు. ఇంకొకటి. మంచి పటం అందరికీ ఒకేలా పనికిరాదు. వంజరం ఎక్కడ దొరుకుతుందో తాత చెప్పిన గుర్తులతో దాచుకున్న జాలరికి ఆ చోటు పటం ఎక్కడమంటే పెద్ద ట్రాలర్లకు దారి చూపడమే. అడుగున ఖనిజం వెతికేవాళ్లు కూడా అదే పటం చూస్తారు. ఎవరు కొలిచారన్న ప్రశ్నకు కవల ఒకటుంది, ఎవరి కోసం కొలిచారని. ఆ రెండోదాన్ని మాస్టారు మాకు చెప్పలేదు. ఆ జాలరి చెప్పాడు, ఇక్కడ వల ఎయ్యం అన్న ఒక్క మాటతో.

మొదట్లో మీ మనసులో ఓ మూల పెట్టుకోమన్న జలాంతర్గామి గుర్తుందా? నీళ్ల రంగు మారిందని ఎవరో చెప్పిన మాట పక్క చార్టులో ఉండిపోయింది. చార్టుల్లో అలాంటి మాటకు చోటుంది. పూర్తిగా కొలవకపోయినా ఎవరో చూసి చెప్పారని, ఏ ఏడు చెప్పారో పక్కన వేసి గుర్తు పెడతారు. చెప్పినవాడి పేరు ఉండదు, మాట మాత్రం ఉంటుంది. నావికుడి ప్రాణం ఒక్కోసారి ఆ గుర్తు మీద ఆధారపడుతుంది.

భీమిలి ఎదుట ఆ రాయి ఇంకా అక్కడే ఉంది. తాటిచెట్టు లేదు, ఆ జాలరీ లేడు. రేపు ఏదో ఒక రోజు మనిషి ఎక్కని పడవ ఆ రాయి మీదుగా పోయి, మేము కొలిచినదాన్ని సెంటీమీటర్లతో సహా సరిదిద్దుతుంది. సరిదిద్దనివ్వండి. ఆ సర్వే కాగితంలో కొలిచినవారు అనే గడి ఒకటి ఉంటుంది. పడవ నంబరు రాయండి. ఆ రాత్రి తెర ముందు కూర్చుని చేపలనూ రాయినీ వేరుచేసిన పిల్లవాడి పేరు రాయండి. దాని కింద ఇంకో వరస ఉంచి, ఇక్కడ రాయి ఉందని భీమిలి జాలరి ముందే చెప్పాడని రాయండి. ఈసారి ఎవరూ కొట్టేయకుండా చూడండి.